తొడ కొట్టేది ముందు, తెగేది వెనక

2021 జనవరి 11, సోమవారం పొద్దున. ఇంట్లోంచే ఆఫీసు నడుస్తున్న రోజులు. స్టాండప్ కాల్‌ని మ్యూట్‌లో పెట్టి పక్క స్క్రీన్లో సిడ్నీ టెస్టు చూస్తున్నాను (మా మేనేజరూ అదే చూస్తున్నాడని తర్వాత తెలిసింది). మన కాకినాడలో పుట్టిన హనుమ విహారి ఒక సింగిల్ కోసం పరిగెత్తి, ఠక్కున తొడ వెనక చెయ్యి పెట్టుకున్నాడు. హామ్‌స్ట్రింగ్ పోయింది. ఇక పరుగు తియ్యలేడు. నిలబడి ఆడాడు. 161 బంతులు, 23 పరుగులు, నాటౌట్. అవతల అశ్విన్ 128 బంతుల్లో 39. టెస్టు డ్రా. తర్వాతి బ్రిస్బేన్ టెస్టులో విహారి లేడు.

ఆ రోజు అందరూ విహారి ఓపిక గురించి మాట్లాడుకున్నారు. నేను మాత్రం నా ఎడమ తొడ వెనక భాగం తడుముకున్నాను. అదే చోట నాకు రెండుసార్లు తెగింది. మొదటిసారి ఎందుకు తెగిందో నాకు వెంటనే అర్థమైంది. రెండోసారి ఎందుకు తెగిందో అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ అర్థమైనదంతా ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, కోచ్‌ని కాను. కోడ్ రాసుకునే వాణ్ణి. అందుకే మొత్తం కథలో నాకు కనిపించింది కూడా ఒక కోడర్‌కి కనిపించేదే: తప్పు టెస్టు రాసుకుని, అది పాసవుతోందని మురిసిపోవడం.

మొదటిసారి 2008లో. ఆఫీసు క్రికెట్ టోర్నమెంటు. ఆర్నెల్లుగా కుర్చీలోంచి లేవనివాడు రెండో పరుగుకి వెళ్తే ఏమవుతుందో అదే అయ్యింది. మూడు వారాలు కుంటాను. అందులో ఆశ్చర్యమేమీ లేదు.

తర్వాత బుద్ధిగా జిమ్‌లో చేరాను. అక్కడి ట్రైనరు "హామ్‌స్ట్రింగ్ వీకుంది సార్" అని లెగ్ కర్ల్ మిషను మీద బోర్లా పడుకోబెట్టాడు. మడమల మీద ఒక రోలరు ఉంటుంది, మోకాళ్ళు మడిచి దాన్ని పిరుదుల వైపు లాగాలి. మన వృత్తిధర్మం ప్రకారం ఎక్సెల్ షీటు తెరిచాను. 15 కిలోలతో మొదలుపెట్టి, ఎనిమిది నెలల్లో 40 కిలోలు. చక్కటి గ్రాఫు, ఎడమ నుంచి కుడికి పైపైకి పోతూ. ఆ గ్రాఫు చూసుకుని నాకు నేనే ముద్దొచ్చేవాణ్ణి.

2010లో మా అమ్మాయి యూకేజీ. స్కూల్లో స్పోర్ట్స్ డే, నాన్నల పరుగు పందెం, 50 మీటర్లు. ముప్ఫై మీటర్ల దగ్గర వెనక నుంచి ఎవరో తన్నినట్టయింది. పడ్డాను. పాప పరిగెత్తుకొచ్చి "నాన్నా, ఎవరు నెట్టారు?" అంది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో డెరెక్ రెడ్‌మండ్‌కి 400 మీటర్ల సెమీఫైనల్లో ఇదే కండ తెగితే వాళ్ళ నాన్న ట్రాక్ మీదకొచ్చి పట్టుకుని గీత దాటించాడు. నా విషయంలో కూతురు దాటించింది.

గ్రాఫు పైకి పోతుంటే కండ ఎందుకు తెగింది? నా ప్రశ్న ఇదీ.

ముందు కొంచెం శరీరం గురించి. మనకి ఈ కండకి సరైన పేరే లేదు. ఎక్కడ పట్టినా "నరం పట్టింది" అంటాం. సినిమాల్లో హీరో తొడ కొట్టినా కొట్టేది ముందు తొడే. కోడి రామమూర్తి గారి కాలం నుంచీ కసరత్తు అంటే మనకు దండీలు, బస్కీలు. బస్కీలు ముందు తొడకీ, పిరుదులకీ బ్రహ్మాండమే. కానీ వెనక తొడకి వాటివల్ల ఒరిగేది తక్కువ. 2019లో జపాన్‌లో కుబో బృందం పది వారాలు స్క్వాట్లు చేయించి స్కాన్ తీసి చూస్తే, హామ్‌స్ట్రింగ్స్ పరిమాణం పెరగనే లేదు. కారణం తేలికే. ఈ కండలు పైన తుంటి దగ్గర మొదలై, కింద మోకాలు దాటి అతుక్కుంటాయి. రెండు కీళ్ళ మీదా పనిచేస్తాయి. కూర్చునేటప్పుడు తుంటి దగ్గర సాగుతాయి, మోకాలి దగ్గర వదులవుతాయి. మొత్తం మీద పొడవు పెద్దగా మారదు.

మరి పరుగులో? పాదం ముందుకు దూసుకెళ్తున్నప్పుడు తుంటి వంగి ఉంటుంది, మోకాలు చాచుకుంటూ ఉంటుంది. అంటే రెండు వైపుల నుంచీ కండని లాగుతున్నట్టు. ఆ క్షణంలోనే అది ముందుకు పోతున్న కాలిని పట్టి ఆపాలి. సాగుతూనే పట్టుకోవాలి. తెగేదీ సాధారణంగా అప్పుడే. 2005లో ఒక కేసు అచ్చయింది. 31 ఏళ్ళ ప్రొఫెషనల్ స్కీయర్ ఒకాయన, ఒంటి నిండా మార్కర్లు అతికించుకుని లాబ్‌లో ట్రెడ్‌మిల్ మీద పరిగెడుతుండగా, కెమెరాల ముందే హామ్‌స్ట్రింగ్ పోయింది. పాపం ఆయనకి దురదృష్టం, సైన్సుకి అదృష్టం. హైడర్‌షైట్ బృందం లెక్కలు కట్టి చూస్తే, కాలు నేలకి తగలబోయే ముందు, కండ బాగా సాగి ఉన్న దశలోనే తెగిందని తేలింది.

ఇప్పుడు నా లెగ్ కర్ల్ గుర్తు తెచ్చుకోండి. బోర్లా పడుకుంటే తుంటి చాచి ఉంటుంది, మోకాలు మడుస్తాం. అంటే కండని రెండు వైపులా కుదించి, ఆ కుదించిన స్థితిలో బలం పెంచాను. ప్రొడక్షన్లో వచ్చే లోడు ఒకటి, నేను టెస్టు చేసింది ఇంకొకటి.

ఈ తప్పు నా ఒక్కడిదే అనుకున్నాను చాలాకాలం. చరిత్ర తిరగేస్తే, ప్రపంచమంతా కలిసి కొన్ని దశాబ్దాల పాటు చేసిన తప్పు.

కథ రెండో ప్రపంచ యుద్ధంతో మొదలుపెట్టొచ్చు. మోకాళ్ళు దెబ్బతిన్న అమెరికా సైనికులు ఆస్పత్రుల్లో నెలల తరబడి ఉండిపోయేవారు. థామస్ డిలోర్మ్ అనే సైనిక వైద్యుడు, తనూ బరువులెత్తిన వాడే, వాళ్ళ పాదాలకి ఇనప బూట్లు కట్టించి, వారం వారం బరువు పెంచుతూ కాళ్ళు ఎత్తించాడు. 1945లో ఆ పద్ధతి అచ్చయింది. ఇవ్వాళ మనం జిమ్‌లో "పది రెప్స్, మూడు సెట్లు" అనే లెక్కకి మూలం అక్కడే. గొప్ప పని. కానీ డిలోర్మ్ దృష్టి ప్రధానంగా ముందు తొడ మీద. వెనక తొడకి మిగిలింది అదే బూటు కట్టుకుని మోకాలు వెనక్కి మడవడం. తర్వాత బూటు పోయి బల్ల వచ్చింది, బల్ల పోయి 1970ల్లో ఆర్థర్ జోన్స్ నాటిలస్ లాంటి మిషన్లు వచ్చాయి. కదలిక మాత్రం అదే.

నిజానికి అసలు విషయం అప్పటికే బయటపడింది. 1952లో లండన్‌లో ఆబట్, బిగ్లండ్, రిచీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు రెండు సైకిళ్ళని వెనకా వెనకా పెట్టి ఒకే చైనుతో కలిపారు. ఒకరు తొక్కుతారు. రెండోవారి పెడళ్ళు వెనక్కి తిరుగుతుంటే, వాళ్ళు వాటిని ఆపడానికి ప్రయత్నిస్తారు. రాయల్ సొసైటీలో దీన్ని ప్రదర్శించినప్పుడు, ఆపే సైకిలు మీద కూర్చున్న చిన్నపాటి ఆవిడ, తొక్కే సైకిలు మీది భారీ మగమనిషిని చూస్తుండగానే అలసిపోయేలా చేసిందట. సభ్యులు పడీపడీ నవ్వారట. సాగుతూ ఆపే కండ, కుదించుకుంటూ లాగే కండ కంటే ఎక్కువ బలం పట్టగలదు, అదీ తక్కువ ప్రాణవాయువు ఖర్చుతో. దీన్నే ఎక్సెంట్రిక్ పని అంటారు. మనకి తెలియనిదేమీ కాదు. అలిపిరి మెట్లు ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, దిగేటప్పుడు రాదు. కానీ నడిచి దిగినవాళ్ళకి మర్నాడు తొడలు పట్టేస్తాయి. ఆ పట్టెయ్యడమే ఎక్సెంట్రిక్ పని బిల్లు.

మరి ఈ జ్ఞానం హామ్‌స్ట్రింగ్ దాకా రావడానికి యాభై ఏళ్ళు ఎందుకు పట్టింది? ఇక్కడే నాకు ఎక్సెల్ షీటు గుర్తొస్తుంది. 1960ల చివర్లో సైబెక్స్ అనే కొలత యంత్రం వచ్చింది. కాలు ఎంత బలంగా తన్నినా ఒకే వేగంతో కదిలేలా అడ్డుకుని, బలాన్ని అంకెల్లో చూపిస్తుంది. క్రీడా వైద్యానికి అది పెద్ద వరం. 1970లో బర్కెట్ అనే పరిశోధకుడు కుడి ఎడమ హామ్‌స్ట్రింగ్‌ల బలంలో 10 శాతం కన్నా తేడా ఉంటే ప్రమాదమన్నాడు. వెనక తొడ బలం ముందు తొడ బలంలో 60 శాతం ఉండాలన్న సూత్రం క్లినిక్కులన్నిట్లో స్థిరపడింది. చిక్కేమిటంటే, ఆ తొలి యంత్రాలు కండ కుదించుకుంటూ లాగే బలాన్ని మాత్రమే కొలవగలవు. సాగుతూ ఆపే బలం వాటికి కనపడదు. మోటారుతో నడిచే యంత్రాలు 1980ల్లో వచ్చాకే అది కొలవడం సాధ్యమైంది. డెన్మార్క్‌కి చెందిన పెర్ ఆగార్డ్ 1998లో, వెనక తొడ సాగుతూ ఆపే బలాన్ని ముందు తొడ తన్నే బలంతో పోల్చాలి కదా అని కొత్త నిష్పత్తి ప్రతిపాదించాడు. అంటే అప్పటిదాకా కొలవగలిగిందే ముఖ్యమైంది అనుకున్నారు. కొలతకి అందినదాన్నే పెంచారు. మన ఆఫీసుల్లో ఇలాంటివి ఎన్ని చూళ్ళేదు?

ఇదంతా లాబ్‌ల సంగతి. బరువులెత్తే వాళ్ళ గోదాల్లో కథ వేరుగా నడిచింది. 1990లో రుమేనియా లిఫ్టరు నికు వ్లాద్ తన కోచ్ డ్రాగోమిర్ చొరోస్లాన్‌తో శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చాడు. 1984 ఒలింపిక్ స్వర్ణ విజేత, 1986లో 100 కిలోల విభాగంలో 200.5 కిలోల స్నాచ్ ఎత్తినవాడు. మామూలు ప్రాక్టీసు అయ్యాక బార్ పట్టుకుని, మోకాళ్ళు కొద్దిగా మాత్రమే వంచి, తుంటిని వెనక్కి నెడుతూ ఒంగి లేస్తున్నాడు. అదీ 250 కిలోల దాకా. ఏమిటది అని అడిగితే, నడుము బలానికి అన్నాడట. పేరేమిటంటే పేరు లేదు. అక్కడున్న కోచ్ జిమ్ ష్మిట్జ్, రుమేనియన్ డెడ్‌లిఫ్ట్ అందాం అన్నాడు. ఆ పేరే నిలిచింది. వ్లాద్‌కి ఏ నిష్పత్తులూ అక్కర్లేకపోయాయి. కండ బాగా సాగిన స్థితిలో బరువు పట్టడం ఆయన రోజువారీ పనిలోనే ఉంది.

ఇది చెయ్యడం నాకు నేర్పిన ఫిజియో ఆవిడ ఒక్క ముక్క చెప్పింది. "రెండు చేతుల్లో బిందెలున్నప్పుడు వెనకున్న తలుపుని ఎలా మూస్తారు సార్? పిరుదులతో నెడతారు కదా, అంతే." యూట్యూబు వీడియోలు ఎన్ని చూసినా ఎక్కనిది దాంతో ఎక్కింది.

రెండో వ్యాయామం కూడా ఆవిడే చేయించింది. మోకాళ్ళ మీద నిలబడాలి. ఒకరు వెనక మడమలు అదిమి పట్టుకుంటారు. నడుము వంచకుండా, పడిపోతున్న చెట్టులా మెల్లగా ముందుకు ఒరగాలి, ఎంతసేపు ఆపగలిగితే అంతసేపు. ఇంతేనా అనుకున్నాను. మొదటిసారి కొద్దిగా ఒరిగానో లేదో దభీమని బోర్లా పడ్డాను. 40 కిలోల లెగ్ కర్ల్ వీరుడు. ఆ రోజు ఆ ఎక్సెల్ గ్రాఫు విలువ నాకు తెలిసింది.

దీనికి నార్డిక్ హామ్‌స్ట్రింగ్ అనే పేరు స్థిరపడింది నార్వే పరిశోధనల వల్ల. వ్యాయామం అంతకు ముందు నుంచే ఉంది. 2001లో ఆస్ట్రేలియాలో బ్రాకెట్, మోర్గన్, ప్రోస్కే ఇలాంటిదే చేయించి, కండ తన గరిష్ఠ బలాన్ని ఇంకా సాగిన పొడవులో చూపించడం మొదలుపెడుతుందని కనుక్కున్నారు. 2004లో నార్వేలో మ్యోల్స్‌నెస్ బృందం ఫుట్‌బాల్ ఆటగాళ్ళని రెండు జట్లు చేసింది. ఒక జట్టుకి నార్డిక్, ఇంకో జట్టుకి లెగ్ కర్ల్. పది వారాల తర్వాత నార్డిక్ జట్టుకి సాగుతూ ఆపే బలం 11 శాతం పెరిగింది. లెగ్ కర్ల్ జట్టుకి పెరగలేదు. ఈ వాక్యం నేను చదివింది నాకు తెగిన చాలా కాలానికి. నాకు తెగడానికి ఆరేళ్ళ ముందే అది అచ్చులో ఉంది.

2011లో డెన్మార్క్‌లో పెద్ద పరీక్ష జరిగింది. 50 జట్లు, 942 మంది ఆటగాళ్ళు. మామూలు ప్రాక్టీసు మాత్రమే చేసిన సగం మందిలో 52 హామ్‌స్ట్రింగ్ గాయాలు, దాంతోపాటు నార్డిక్ చేసిన సగంలో 15. పరికరాలేమీ లేకుండా, ఒక తోటి ఆటగాడి చేతులతో జరిగే పని ఇది. ఇంతకంటే చవకైన మందు ఎక్కడైనా ఉంటుందా?

ఇక సమస్య తీరిపోయిందనుకుంటాం కదా. తీరలేదు. 2015లో బార్ అనే నార్వే వైద్యుడూ, సహచరులూ ఐరోపా ఛాంపియన్స్ లీగ్, నార్వే ప్రీమియర్ లీగ్ క్లబ్బులని మీరు ఈ కార్యక్రమం చేస్తున్నారా అని అడిగారు. 150 క్లబ్-సీజన్ల లెక్కలో పూర్తిగా చేసింది 16. కోట్లు పోసి ఆటగాళ్ళని కొనే క్లబ్బులివి. ఏక్‌స్ట్రాండ్ బృందం 2022లో ప్రకటించిన లెక్క ఇంకా దారుణం. 2001లో మొదలైన 21 సీజన్లలో, ఐరోపా పెద్ద క్లబ్బుల గాయాల్లో హామ్‌స్ట్రింగ్ వాటా 12 శాతం నుంచి 24 శాతానికి చేరింది.

ఆట వేగం పెరిగింది, మ్యాచ్‌లు పెరిగాయి, అదంతా నిజమే. కానీ ఎందుకు చెయ్యరంటే, నాకు తెలిసిన సమాధానం చాలా మామూలుది. నొప్పి. మొదటి వారం నార్డిక్ చేసిన మర్నాడు నేను టాయిలెట్ సీటు మీద కూర్చోవడానికి గోడ పట్టుకున్నాను. శనివారం మ్యాచ్ ఉన్న ఆటగాడు గురువారం దీన్ని ఎందుకు చేస్తాడు? పైగా రేపు తెగబోయి తెగకుండా ఆగిన కండ ఎవరి రిపోర్టులోనూ కనపడదు. జరగని ఔటేజికి ఎవరూ అవార్డివ్వరు, ఈ మాట మనవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

అలాగని నార్డిక్‌ని దేవుణ్ణి చెయ్యడం కూడా నాకిష్టం లేదు. 2019లో 8,459 మంది క్రీడాకారుల పరీక్షలన్నీ కలిపి, గాయాలు సగానికి తగ్గుతాయని ఒక సమీక్ష తేల్చింది. 2021లో ఇంపెల్లిజ్జేరి బృందం అవే పరీక్షలని కఠినంగా తిరగేసి, అంత గట్టిగా చెప్పలేమంది. ఆస్ట్రేలియాలో బోర్న్ బృందం 2017లో ఇంకో సంగతి చూపించింది. నార్డిక్ చేస్తే కొన్ని పాయలు బాగా పెరుగుతాయి, కానీ పరుగులో ఎక్కువగా తెగే పొడవైన బయటి పాయ తుంటి దగ్గర చేసే వ్యాయామంతోనే ఎక్కువ పెరుగుతుంది. లెగ్ కర్ల్‌ని కూడా పూర్తిగా తిట్టనక్కర్లేదు. జపాన్‌లో మాయెవో బృందం 2021లో 20 మందికి ఒక కాలుకి కూర్చుని చేసే కర్ల్, ఇంకో కాలుకి పడుకుని చేసే కర్ల్ 12 వారాలు చేయించింది. కూర్చున్న కాలు 14 శాతం, పడుకున్న కాలు 9 శాతం పెరిగాయి. కూర్చుంటే తుంటి వంగుతుంది, కండ సాగి ఉంటుంది. మళ్ళీ అదే పాఠం: సాగిన చోట పని చెప్పు.

కాబట్టి ఏది ఎంచుకోవాలని ఎవరైనా అడిగితే నా జవాబు ఇది. తుంటి దగ్గర ఒంగేది ఒకటి, మోకాలి దగ్గర ఆపేది ఒకటి. మొదటిదానికి రుమేనియన్ డెడ్‌లిఫ్ట్, రెండోదానికి నార్డిక్. నార్డిక్ కొద్దిగా చాలు. 2018లో ప్రెస్‌లండ్ బృందం మొదటి రెండు వారాల తర్వాత వారానికి ఎనిమిది సార్లే చేయించినా, కండ పోగుల పొడవు ఎక్కువ చేసినవాళ్ళకి దీటుగా పెరిగింది. కొద్దిగా చేస్తే ఆ టాయిలెట్ సీటు కష్టం కూడా ఉండదు. మూడోది, పరుగు. నిజంగా వేగంగా, వారం వారం కొంచెం పెంచుకుంటూ. ఏడాదంతా కుర్చీలో కూర్చుని స్పోర్ట్స్ డే నాడు ఒక్కసారే పూర్తి వేగం అందుకునే నాన్నలకి ఏ మిషనూ కాపలా కాయదు. ఒకవేళ ఇప్పటికే టప్‌మన్న శబ్దమో, తొడ వెనక కమిలిన మచ్చో ఉంటే ఇదంతా పక్కన పెట్టి ముందు డాక్టరు దగ్గరకి వెళ్ళండి.

మా అమ్మాయి ఇప్పుడు ఇంజినీరింగ్ చదువుతోంది. ఆదివారం ఇంటికొస్తే నా మడమలు పట్టుకునేది తనే, ఒక చేత్తో ఫోను చూసుకుంటూ. ఇప్పుడు ముప్పావు వంతు దాకా ఆపగలను. ఆ తర్వాత పడతాను, కానీ చేతుల మీద.

ఆ పాత ఎక్సెల్ షీటు ఇంకా ఉంది. కిలోల కాలమ్ తీసేశాను. దాని చోట "ఈ వారం మానలేదు" అని ఒకటే కాలమ్ పెట్టుకున్నాను. దానికి గ్రాఫు గియ్యడానికేమీ లేదు. తెగి మాత్రం చాలా ఏళ్ళయింది.